టీవీ ఆపేస్తే మ్యాచ్ ఆగకూడదు: టీమక్స్, విమ్ కలిపి వాడటం ఎలా?

పోయిన ఎపిసోడ్‌లో మనం విమ్ బేసిక్స్ చూశాం. మోడ్స్ అంటే ఏంటి, సేవ్ చేయడం ఎలా, బయటకు రావడం ఎలా అని. ఇవాళ దాని పక్కన పెట్టుకోవాల్సిన ఇంకో టూల్ గురించి మాట్లాడుకుందాం. దాని పేరు టీమక్స్. దీన్ని టెర్మినల్ మల్టీప్లెక్సర్ అంటారు. పేరు విని కంగారు పడకండి. ఒక టెర్మినల్ లోపల చాలా టెర్మినల్స్ నడిపించే ప్రోగ్రామ్, అంతే.

కానీ చాలామంది దీన్ని "స్క్రీన్‌ని ముక్కలు చేసే టూల్" అనుకుంటారు. నేను కూడా అలాగే అనుకుని రెండేళ్లు పక్కన పెట్టేశా. అసలు విషయం స్క్రీన్ ముక్కలు కాదని నాకు ఒక రాత్రి తెలిసొచ్చింది. ముందు అది చెప్తా.

ఆ రాత్రి ఏమైందంటే

అప్పుడు నేను ఉద్యోగంలో చేరి రెండో ఏడాది. సంక్రాంతికి ఊరెళ్లా, అక్కడి నుంచే పని చేస్తున్నా. పాత డేటాబేస్‌లో ఉన్న డేటాని కొత్త దాంట్లోకి మార్చే స్క్రిప్ట్ ఒకటి రాత్రి పూట నడపాలి. ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ తెరిచి, ఎస్‌ఎస్‌హెచ్‌తో సర్వర్‌లోకి వెళ్లి, స్క్రిప్ట్ స్టార్ట్ చేశా. ఇంకో టెర్మినల్‌లో విమ్ తెరిచి, ఆ స్క్రిప్ట్ తర్వాత నడపాల్సిన రెండో స్క్రిప్ట్ రాస్తున్నా.

పదకొండు దాటాక కరెంట్ పోయింది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, దానికేం కాలేదు. వైఫై రూటర్‌కి బ్యాటరీ లేదు. ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి మళ్లీ సర్వర్‌లోకి వెళ్లేసరికి స్క్రిప్ట్ లేదు. సగంలో చచ్చిపోయింది. ఎంతవరకు వెళ్లిందో తెలీదు. మళ్లీ మొదటి నుంచి నడిపితే ఉన్న డేటానే రెండుసార్లు ఎక్కుతుంది. తెల్లారేదాకా కూర్చుని, పాత టేబుల్స్‌నీ కొత్త టేబుల్స్‌నీ పక్కపక్కన పెట్టి లెక్క చూసుకున్నా.

పొద్దున మా సీనియర్‌కి ఫోన్ చేసి అంతా చెప్పా. ఆయన తిట్టలేదు. ఒకటే అడిగారు: "టీమక్స్‌లో పెట్టావా తమ్ముడూ?"

"లేదన్నా. అది స్క్రీన్ స్ప్లిట్ చేసేది కదా?"

"అదొక్కటే కాదురా. ముందు అది ఎందుకు పుట్టిందో చదువు."

ఇవాళ్టి ఎపిసోడ్ ఆ చదువే.

అసలు స్క్రిప్ట్ ఎందుకు చచ్చిపోయింది?

మీరు ఎస్‌ఎస్‌హెచ్‌తో సర్వర్‌లోకి వెళ్లినప్పుడు, సర్వర్ మీ కోసం ఒక ఉత్తుత్తి టెర్మినల్ తయారు చేస్తుంది. దాన్ని సూడో టెర్మినల్ అంటారు. మీ షెల్ ఆ టెర్మినల్‌ని పట్టుకుని నడుస్తుంది. షెల్‌లో మీరు స్టార్ట్ చేసిన స్క్రిప్ట్ కూడా దాన్నే పట్టుకుని ఉంటుంది.

కనెక్షన్ పోయిందని సర్వర్‌కి అర్థం కాగానే ఆ టెర్మినల్‌ని మూసేస్తుంది. అప్పుడు దాన్ని పట్టుకున్న ప్రోగ్రామ్స్‌కి హ్యాంగప్ అనే సిగ్నల్ వెళ్తుంది. పాత రోజుల్లో ఫోన్ లైన్ మీద కంప్యూటర్లకి కనెక్ట్ అయ్యేవాళ్లు కదా, లైన్ కట్టయితే "అవతలి మనిషి ఫోన్ పెట్టేశాడు" అని చెప్పడానికి పెట్టిన పేరు అది. ఆ సిగ్నల్ వస్తే చాలా ప్రోగ్రామ్స్ చేసే పని ఒకటే, ఆగిపోవడం. నా స్క్రిప్ట్ కూడా అదే చేసింది. తప్పు దానిది కాదు.

ఇంకోలా చెప్తా. మీ ఇంట్లో కరెంట్ పోయి టీవీ ఆగిపోయింది. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఆగుతుందా? ఆగదు. కరెంట్ రాగానే టీవీ పెడితే స్కోర్ ముందుకెళ్లి ఉంటుంది. కానీ మామూలు ఎస్‌ఎస్‌హెచ్‌లో ఏమవుతుందంటే, మీ టీవీ ఆగిపోగానే అక్కడ అంపైర్లు వికెట్లు పీకేసి ఇంటికెళ్లిపోతారు.

టీమక్స్ ఈ లింక్‌ని తెంపేస్తుంది. మీరు టీమక్స్ అని కొట్టగానే రెండు ప్రోగ్రామ్స్ నడుస్తాయి. ఒకటి టీమక్స్ సర్వర్, ఇంకోటి టీమక్స్ క్లయింట్. సర్వర్ వెనకాల విడిగా కూర్చుంటుంది. మీ షెల్స్‌కి, విమ్‌కి, స్క్రిప్ట్‌కి కావాల్సిన సూడో టెర్మినల్స్‌ని అదే తయారు చేసి తన దగ్గర పెట్టుకుంటుంది. క్లయింట్ పని చూపించడం మాత్రమే. కనెక్షన్ పోతే హ్యాంగప్ సిగ్నల్ క్లయింట్‌కి తగులుతుంది, క్లయింట్ పోతుంది. సర్వర్, దాని లోపలున్న పని అలాగే ఉంటాయి. మీరు మళ్లీ వచ్చి కొత్త క్లయింట్ తగిలిస్తే చాలు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. గ్నూ స్క్రీన్ అనే ప్రోగ్రామ్ 1987 నుంచే ఈ పని చేస్తోంది. నికొలస్ మారియట్ 2007లో టీమక్స్ మొదలుపెట్టాడు. 2009లో ఓపెన్ బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని తనలోనే కలిపేసుకుంది.

"నోహప్ వాడొచ్చు కదా" అని కొంతమంది అడుగుతారు. వాడొచ్చు. స్క్రిప్ట్ ఒక్కటే బతకాలంటే నోహప్ సరిపోతుంది. కానీ తర్వాత దాని దగ్గరికి తిరిగెళ్లి "అవునా, కాదా" అని అడిగితే జవాబు చెప్పలేరు. విమ్‌ని నోహప్‌లో నడపలేరు. తిరిగొచ్చి కూర్చోవాల్సిన పని ఏదైనా టీమక్స్‌లోనే పెట్టాలి.

ముందు ఈ నాలుగు చాలు

సెషన్ మొదలుపెట్టడానికి: టీమక్స్, స్పేస్, న్యూ, స్పేస్, మైనస్ పెద్ద ఏ, స్పేస్, మైనస్ చిన్న ఎస్, స్పేస్, మీకు నచ్చిన పేరు. నేను "పని" అని పెట్టా. ఆ పెద్ద ఏ ఎందుకంటే, ఆ పేరుతో సెషన్ ముందే ఉంటే అందులోకి తీసుకెళ్తుంది, లేకపోతే కొత్తది చేస్తుంది. కాబట్టి ఎప్పుడూ ఇదొక్క కమాండే. గుర్తుపెట్టుకునే గొడవ లేదు.

బయటకు రావడానికి: కంట్రోల్ బి నొక్కి వదిలేసి, డి. దీన్ని డిటాచ్ అంటారు. వదిలేసి అన్నా, గమనించండి. కంట్రోల్ పట్టుకునే డి కొట్టకండి. కంట్రోల్ బి అంటే "టీమక్స్, ఇప్పుడు నీతో మాట్లాడుతున్నా" అని పిలవడం. ఆ తర్వాత కొట్టే కీ దానికి ఇచ్చే పని. పిలవకుండా కొట్టిన కీలన్నీ లోపలున్న ప్రోగ్రామ్‌కి వెళ్తాయి.

స్క్రీన్‌ని పక్కపక్కన రెండు చేయడానికి: కంట్రోల్ బి, తర్వాత పర్సెంట్ గుర్తు. ఒక ముక్క నుంచి ఇంకో దానికి వెళ్లడానికి కంట్రోల్ బి, తర్వాత బాణం కీ. ఈ ముక్కల్ని పేన్స్ అంటారు.

ఒక పేన్‌ని కాసేపు ఫుల్ స్క్రీన్ చేయడానికి: కంట్రోల్ బి, జెడ్. మళ్లీ అదే కొడితే మామూలుగా అవుతుంది. చిన్న ల్యాప్‌టాప్ స్క్రీన్ ఉన్నవాళ్లకి నాలుగింటిలో ఎక్కువ పనికొచ్చేది ఇదే.

ఇంతే. మొదటి వారం ఇంతకు మించి నేర్చుకోకండి. ఎవరిదో మూడు వందల లైన్ల కాన్ఫిగ్ ఫైల్ తెచ్చి పెట్టుకోకండి. అది ఆగిపోయిన రోజు ఎందుకు ఆగిందో మీకు తెలీదు.

ఎవరి పని ఏది?

ఇప్పుడు విమ్ దగ్గరికి వద్దాం. విమ్‌లో కూడా స్ప్లిట్స్ ఉన్నాయి, టీమక్స్‌లో కూడా ఉన్నాయి. విమ్ 8.1 నుంచి లోపలే టెర్మినల్ తెరుచుకునే కమాండ్ కూడా ఉంది. మరి ఏది ఎక్కడ చేయాలి? కొత్తవాళ్లు ఎక్కువగా తికమక పడేది ఇక్కడే.

నేను పెట్టుకున్న రూల్ ఒకటే. ఫైల్స్ విమ్‌కి, ప్రాసెస్‌లు టీమక్స్‌కి.

ఒక ప్రాజెక్ట్‌కి ఒక విమ్ మాత్రమే తెరుస్తా. అందులోనే ఎన్ని ఫైల్స్ కావాలంటే అన్ని. రెండు ఫైల్స్ పక్కపక్కన చూడాలంటే విమ్ స్ప్లిట్. ఎందుకంటే ఒకే విమ్‌లో ఉంటే ఒక ఫైల్‌లో కాపీ చేసింది ఇంకో దాంట్లో పేస్ట్ అవుతుంది, అన్‌డూ సరిగ్గా ఉంటుంది, ఒకే ఫైల్ రెండు చోట్ల తెరిచినా మార్పు రెండు చోట్లా కనిపిస్తుంది. రెండు పేన్స్‌లో రెండు విమ్‌లు పెడితే ఇవన్నీ పోతాయి. అవి ఒకదానికొకటి తెలియని ఇద్దరు మనుషులు.

నడుస్తూ ఉండాల్సినవి, అంటే టెస్టులు, వెబ్ సర్వర్, లాగ్స్, డేటాబేస్ షెల్, ఇవన్నీ టీమక్స్ పేన్స్‌లో. విమ్ లోపలి టెర్మినల్‌లో పెడితే విమ్ మూసినప్పుడు అవీ పోతాయి. టీమక్స్‌లో ఉంటే విమ్ క్రాష్ అయినా అవి నడుస్తూనే ఉంటాయి.

నా స్క్రీన్ ఎలా ఉంటుందో చూడండి. ఎడమవైపు పెద్ద పేన్‌లో విమ్. కుడివైపు పైన టెస్టులు, కింద మామూలు షెల్. లాగ్స్ కోసం ఇంకో విండో, అది కంట్రోల్ బి, సి కొడితే వస్తుంది. కోడ్ రాసేటప్పుడు కంట్రోల్ బి, జెడ్ కొట్టి విమ్‌ని ఫుల్ స్క్రీన్ చేస్తా. టెస్ట్ చూడాలనుకుంటే మళ్లీ జెడ్. మౌస్ మీద చేయి పడదు.

ఇద్దరూ ఎక్కడ గొడవ పడతారు?

రెండూ కీబోర్డ్ మీదే బతికే టూల్స్ కాబట్టి కొన్ని చోట్ల తగాదా వస్తుంది. నాలుగు చెప్తా.

ఒకటి, ఎస్కేప్ కీ ఆలస్యం. విమ్‌లో ఇన్సర్ట్ మోడ్ నుంచి బయటకు రావడానికి ఎస్కేప్ కొడతాం. టీమక్స్‌లో పెట్టాక కొంతమందికి అది అర సెకను లేటుగా పనిచేస్తుంది. విమ్ స్లో అయిందనుకుంటారు. కాదు. బాణం కీలు, ఆల్ట్‌తో కొట్టే కీలు టెర్మినల్‌లో ఎస్కేప్ అక్షరంతోనే మొదలవుతాయి. అందుకని ఎస్కేప్ రాగానే టీమక్స్ "దీని వెనక ఇంకేమైనా వస్తుందా" అని ఆగి చూస్తుంది. చాలా ఏళ్లు ఆ ఆగే టైమ్ 500 మిల్లీసెకన్లు ఉండేది. 3.5 వెర్షన్ నుంచి 10కి తగ్గించారు. మన సర్వర్లలో పాత వెర్షన్లే ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి, మీ హోమ్ ఫోల్డర్‌లో డాట్ టీమక్స్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్‌లో ఈ లైన్ పెట్టండి: సెట్, మైనస్ ఎస్, ఎస్కేప్ హైఫన్ టైమ్, 10.

రెండు, పిలిచే కీ. కంట్రోల్ బి విమ్‌లో ఒక పేజీ పైకి వెళ్లడానికి వాడతారు. టీమక్స్ దాన్ని మధ్యలోనే పట్టేసుకుంటుంది. అందుకని చాలామంది కంట్రోల్ ఏ కి మార్చుకుంటారు, గ్నూ స్క్రీన్‌లో అదే ఉండేది. కానీ విమ్‌లో కంట్రోల్ ఏ అంటే కర్సర్ కింద ఉన్న అంకెని ఒకటి పెంచడం. షెల్‌లో అయితే లైన్ మొదటికి వెళ్లడం. ఏది మార్చినా ఏదో ఒకటి వదులుకోవాలి. నేను కంట్రోల్ బి నే ఉంచేశా. పేజీ పైకి వెళ్లాలంటే కంట్రోల్ బి రెండుసార్లు కొడితే రెండోది విమ్‌కి చేరుతుంది. దీంట్లో ఇంకో లాభం ఉంది. ఎవరి సర్వర్‌లోకి వెళ్లినా నా చేతులు అక్కడ పనిచేస్తాయి.

మూడు, పాత ఫైల్ కనిపించడం. కుడివైపు షెల్‌లో గిట్ బ్రాంచ్ మార్చారు. ఎడమవైపు విమ్‌లో ఇంకా పాత బ్రాంచ్ ఫైలే కనిపిస్తుంది. మీరు దాన్నే ఎడిట్ చేస్తూ పోతారు. మామూలు టెర్మినల్‌లో అయితే ఆ విండోకి తిరిగొచ్చినప్పుడు విమ్‌కి కబురు అందుతుంది, అది ఫైల్ మారిందా అని చూస్తుంది. టీమక్స్ ఆ కబురుని లోపలికి పంపదు, మనం చెప్తే తప్ప. కాన్ఫ్ ఫైల్‌లో సెట్, మైనస్ జి, ఫోకస్ హైఫన్ ఈవెంట్స్, ఆన్ అని పెట్టండి. విమ్ సెట్టింగ్స్‌లో సెట్ ఆటోరీడ్ అని పెట్టండి. అయినా అనుమానం ఉంటే విమ్‌లో కోలన్, చెక్‌టైమ్ అని కొడితే అప్పటికప్పుడు చూసుకుంటుంది.

నాలుగోది ఈ నాలుగింటిలో ప్రమాదకరమైనది, స్వాప్ ఫైల్. మీరు ఫైల్ ఎడిట్ చేస్తున్నప్పుడు విమ్ పక్కన ఒక దాపుడు ఫైల్ రాసుకుంటూ ఉంటుంది. మామూలు సెట్టింగ్స్‌లో 200 అక్షరాలు కొట్టినప్పుడు, లేదా 4 సెకన్లు ఏమీ కొట్టకుండా ఆగినప్పుడు అది డిస్క్ మీదకి వెళ్తుంది. అదే ఫైల్‌ని ఇంకో విమ్‌లో తెరిస్తే అటెన్షన్ అని పెద్ద మెసేజ్ వస్తుంది.

మనలో చాలామంది ఆ మెసేజ్ చదవరు. ఏదో ఒకటి కొట్టి ముందుకెళ్లిపోతారు. అక్కడే పని పోతుంది. ఆ మెసేజ్‌లో ప్రాసెస్ నంబర్ పక్కన "స్టిల్ రన్నింగ్" అని ఉందేమో చూడండి. ఉంటే ఆ ఫైల్ తెరిచిన విమ్ ఇంకా బతికే ఉంది. బహుశా మీరు మర్చిపోయిన టీమక్స్ సెషన్‌లోనే ఉంటుంది. క్యూ కొట్టి బయటకు రండి, టీమక్స్ ఎల్‌ఎస్ అని కొట్టి సెషన్స్ లిస్ట్ చూడండి, ఆ సెషన్‌లోకి వెళ్లండి. "ఎడిట్ ఎనీవే" మాత్రం కొట్టకండి.

అలా లేకపోతే ఆ విమ్ చచ్చిపోయింది. అప్పుడు ఆర్ కొట్టి రికవర్ చేయండి. వచ్చినదాన్ని వేరే పేరుతో సేవ్ చేసి, అసలు ఫైల్‌తో పోల్చి చూసి, అప్పుడే స్వాప్ ఫైల్ తీసేయండి. ఆ సంక్రాంతి రాత్రి నేను రాస్తున్న రెండో స్క్రిప్ట్ నాకు అలాగే దొరికింది. హ్యాంగప్ సిగ్నల్ వచ్చినప్పుడు విమ్ పోయే ముందు స్వాప్ ఫైల్‌ని జాగ్రత్తగా ఉంచి పోతుంది. విమ్ రాసిన బ్రామ్ మూలెనార్ 2023లో చనిపోయాడు. 1991లో మొదటి వెర్షన్ విడుదల చేసిన దగ్గర్నుంచి చివరిదాకా దాన్ని చూసుకుంటూనే ఉన్నాడు. ఆ రాత్రి నా పని కాపాడింది అలాంటి జాగ్రత్తే.

టీమక్స్ ఏం చేయలేదు?

ఇది కూడా చెప్పాలి, లేకపోతే మీరు దాని మీద మరీ ఎక్కువ నమ్మకం పెట్టుకుంటారు.

టీమక్స్ కనెక్షన్ పోతే కాపాడుతుంది. మెషీన్ రీస్టార్ట్ అయితే కాపాడదు. సెషన్స్ అన్నీ మెమరీలోనే ఉంటాయి. సర్వర్ రీబూట్ అయితే అన్నీ పోతాయి. టీమక్స్ రిసరెక్ట్ అనే ప్లగిన్ ఉంది, అది పేన్స్ అమరికని, ఏ ఫోల్డర్‌లో ఉన్నారో దాన్ని తిరిగి పెడుతుంది. నడుస్తున్న స్క్రిప్ట్‌ని ఆగిన చోట నుంచి నడిపించదు. విమ్‌లో ఎంకేసెషన్ కమాండ్ కూడా అంతే, ఏ ఫైల్స్ తెరిచి ఉన్నాయో గుర్తుంచుకుంటుంది, సేవ్ చేయని అక్షరాల్ని కాదు.

ఇంకోటి. టీమక్స్‌ని సర్వర్ మీద నడపాలి, మీ ల్యాప్‌టాప్ మీద కాదు. ల్యాప్‌టాప్‌లో టీమక్స్ తెరిచి, దాని లోపల నుంచి ఎస్‌ఎస్‌హెచ్ చేసి, అక్కడ నేరుగా స్క్రిప్ట్ నడిపితే మళ్లీ మొదటికే వస్తాం. నెట్ పోతే స్క్రిప్ట్ పోతుంది. పని ఏ మెషీన్‌లో జరుగుతోందో టీమక్స్ ఆ మెషీన్‌లో ఉండాలి. కొన్ని లైనక్స్ సర్వర్లలో యూజర్ లాగౌట్ అవగానే అతని ప్రాసెస్‌లన్నీ ఆపేసే సెట్టింగ్ పెడతారు. కాబట్టి కొత్త సర్వర్‌లో ముందు ఒకసారి డిటాచ్ చేసి, లాగౌట్ అయ్యి, తిరిగొచ్చి చూసుకోండి. పెద్ద పని పెట్టాక తెలుసుకోవద్దు.

తెలుగు టెక్స్ట్ గురించి కూడా ఒక మాట. టెర్మినల్ ప్రతి అక్షరానికి లెక్కగా గళ్లు కేటాయిస్తుంది. మన ఒత్తులు, గుణింతాలు ఆ గళ్లలో ఇమడవు. విమ్ ఒక లెక్క వేసుకుని, టీమక్స్ ఇంకో లెక్క వేసుకుంటే కర్సర్ ఒక చోట, అక్షరం ఇంకో చోట కనిపిస్తుంది. ఇంకా, తెలుగు కీబోర్డ్ ఆన్‌లో ఉంటే విమ్ నార్మల్ మోడ్ కీలు పనిచేయవు. ఈ వీడియోల స్క్రిప్ట్స్ నేను మామూలు ఎడిటర్‌లోనే రాస్తా. ప్రతి పనికీ ఒకటే టూల్ అనే పట్టుదల అక్కర్లేదు.

ఇక చివరిగా, ఆ రాత్రి నా స్క్రిప్ట్‌లో కూడా తప్పుంది. సగంలో ఆగితే మళ్లీ మొదటి నుంచి నడపగలిగేలా రాసి ఉంటే తెల్లారేదాకా కూర్చోవాల్సిన పని ఉండేది కాదు. టీమక్స్ వచ్చింది కదా అని ఆ జాగ్రత్త మానేయకండి. కరెంట్ మా ఊళ్లోనే కాదు, డేటా సెంటర్‌లో కూడా పోవచ్చు.

రేపు పొద్దున ఏం చేయాలి?

రేపు పనికి కూర్చోగానే సర్వర్‌లోకి వెళ్లి, ముందు చెప్పిన ఆ ఒక్క కమాండ్‌తో సెషన్ తెరవండి. అందులో విమ్ తెరిచి ఒక ఫైల్‌లో నాలుగు లైన్లు రాయండి. సేవ్ చేయకండి. ఇప్పుడు కావాలని వైఫై ఆపేయండి. ఒక నిమిషం ఆగి, మళ్లీ కనెక్ట్ అయ్యి, అదే కమాండ్ కొట్టండి. మీ నాలుగు లైన్లు, కర్సర్ ఆగిన చోటే, మీకోసం ఎదురుచూస్తూ ఉంటాయి.

ఒక్కసారి ఆ దృశ్యం మీ కళ్లతో చూస్తే, టీమక్స్ ఎందుకు వాడాలో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఇంట్లో రూటర్‌కి ఇప్పటికీ బ్యాటరీ పెట్టించలేదు. కరెంట్ పోతే లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వస్తా.

వచ్చే ఎపిసోడ్‌లో టీమక్స్ కాపీ మోడ్, విమ్ కీలతో పాత అవుట్‌పుట్‌ని వెతకడం చూద్దాం. ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్. ఉంటాను.